తిన్నంకనా, తినకముందా?

అమెరికాలో సర్జరీ నేర్పే పెద్దలు ఏళ్ల తరబడి చెమటోడ్చి ఒక మహత్తర సత్యాన్ని కనిపెట్టారు. డాక్టరు లైసెన్సు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు, సర్జరీ ట్రైనింగులో చేరాక పెట్టే రాతపరీక్షలో కూడా మంచి మార్కులే తెచ్చుకుంటాడట! ఒక్క ఆస్పత్రి కాదు, ఎన్నో ఆస్పత్రుల వాళ్లు తమ ట్రైనీల పాత మార్కులూ కొత్త మార్కులూ పక్కపక్కన పేర్చి, కంప్యూటర్లో పోసి, గీతలు గీయించి, పత్రికల్లో అచ్చేయించి మరీ ఈ సంగతి లోకానికి వెల్లడించారు. రాయికోడ్ బడిలో గంట కొట్టే అటెండరైతే ఇదే మాట పైసా ఖర్చు లేకుండా చెప్పేవాడు: "ఆర్నెల్ల పరీక్షల గట్టెక్కినోడు సాలానా పరీక్షల గూడ గట్టెక్కుతడు సార్." పాపం, ఆయన మాట వెనకాల పి-వాల్యూ లేదు. అచ్చుకు నోచుకోలేదు.

లైసెన్సు పరీక్ష పేరు యూఎస్ఎంఎల్ఈ. స్టెప్ 1, స్టెప్ 2, స్టెప్ 3 అని మెట్లుగా ఉంటుంది. ట్రైనీల పరీక్ష పేరు ఆబ్‌సైట్. అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ ఏటా జనవరిలో పెడుతుంది. ఐదేళ్ల రెసిడెన్సీలో ఏడాదికోసారి ఈ గండం దాటాలి. పేరుకు అది "ఎక్కడ వెనకబడ్డావో నువ్వే చూసుకో నాయనా" అని పెట్టిన పరీక్ష. కానీ పర్సంటైల్ పడిపోయిందంటే డైరెక్టరు గదికి పిలుపు వస్తుంది, ఫెలోషిప్ దరఖాస్తులో అదే అంకె అడుగుతారు. ఎందుకంటే ఆబ్‌సైట్‌లో తడబడేవాడు చివరి బోర్డు పరీక్షలోనూ తడబడతాడని భయం. బోర్డు పరీక్షలో తప్పేవాళ్లు ఎక్కువైతే ప్రోగ్రాం పరువుకే కాదు, గుర్తింపుకూ ఎసరు. కాబట్టి స్టెప్ పరీక్ష ఆబ్‌సైట్‌కు జోస్యం చెబుతుంది, ఆబ్‌సైట్ బోర్డు పరీక్షకు జోస్యం చెబుతుంది. కాగితం పుట్టి కాగితాన్ని కనే ఈ వంశవృక్షంలో ఎక్కడా ఒక కడుపు కోసినట్టు గానీ, కోసింది కుట్టినట్టు గానీ, కుట్టింది చీము పట్టకుండా మానినట్టు గానీ దాఖలా లేదు.

పోనీ ఆ జోస్యమైనా గట్టిదా? ఈ తరహా లెక్కల్లో సహసంబంధం 0.4 వచ్చిందంటే పండగ చేసుకుంటారు. 0.4ను దానితోనే హెచ్చవేస్తే 0.16. అంటే ట్రైనీల మార్కుల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో నూటికి పదహారు వంతులు పాత మార్కులతో ముడిపడి ఉన్నాయన్నమాట. మిగతా ఎనభై నాలుగు వంతులు ఎక్కడివి? రాత్రి డ్యూటీలవా, ఇంట్లో చంటిపిల్లవా, నేర్పేవాడి మంచితనానివా, ఆ పూట పొట్టలో పడిన ఇడ్లీలవా, ఆ అంకె మాత్రం చెప్పదు. ఉగాది నాడు గుడిలో పంచాంగం చదివే అయ్యగారి మాట నూటికి పదహారు వంతులే నిలబడితే మరుసటేడు సంభావన పళ్లెంలో చిల్లర కూడా పడదు. అక్కడ మాత్రం సీట్లు పంచుతున్నారు.

ఇంత గొడవ రాయికోడ్‌కెందుకని అడగకండి. సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ లోక్‌సభ స్థానం కింద, బీదరు గాలి తగిలే ఈ మండలంలో వీరభద్రస్వామి గుడి ఎంత ప్రసిద్ధమో "అమెరికల డాక్టర్ చదువుతున్నడు" అన్న మాట కూడా అంత ప్రసిద్ధం. తెలుగుదేశంలో ఏ ఊరికి వెళ్లినా అంతే. ఒకాయన రిటైర్డు పంతులు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కొడుకు సంగతి చెబుతున్నాడు. కొడుక్కి స్టెప్ పరీక్షలో 252 వచ్చిందట. ఆనందం పట్టలేక ఆ అంకెను అందరికీ వినపడేలా అన్నాడు.

"మావోనికి 252 వచ్చింది!"

చాయ్ వడగట్టే ఆయన చేతిలో జాలీ ఆగిపోయింది. "అయ్యో సారూ, తిన్నంకనా, తినకముందా?"

పక్క బల్ల మీది పెద్దమనిషి ఇంకా దయగలవాడు. "గంతుంటే గోలీలతోని ఆగదు. మెంతులు నానవెట్టుకొని తాగుమను. ఎన్నేండ్లు పిలగానికి?"

పంతులుగారు చిన్నబుచ్చుకున్నారు. ఎందుకు చిన్నబుచ్చుకోవాలో నాకు మాత్రం అర్థం కాలేదు. మూడంకెల లెక్క వినగానే అది ఏ స్థితిలో తీసిందని అడగడం కన్నా శాస్త్రీయమైన ప్రశ్న ఇంకోటి ఉంటుందా? పెద్ద పెద్ద ప్రోగ్రాం డైరెక్టర్లకు తట్టని ప్రశ్న చాయ్ హోటల్లో తట్టింది. క్వశ్చన్ బ్యాంకు ఎన్నిసార్లు తిన్నాక వచ్చిన 252 ఇది? ఒక్కసారా, మూడుసార్లా? డ్యూటీ చేస్తూనా, రెండేళ్లు గదిలో గడియ పెట్టుకునా? నాన్న ఎకరం అమ్మితే వచ్చిందా, అమ్మకుండానే వచ్చిందా? షుగరు పరీక్షలో కనీసం రక్తమైనా మనిషిదే.

క్వశ్చన్ బ్యాంకు అంటే గుర్తొచ్చింది. ఈ వ్యాపారంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాడు ఒకరు మన తెలుగువాడే. తెనాలి దగ్గర బుర్రిపాలెం నుంచి వచ్చి, ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, అమెరికా వెళ్లిన పెమ్మసాని చంద్రశేఖర్ లైసెన్సు పరీక్ష రాసేవాళ్ల కోసం ప్రశ్నలూ వాటికి వివరమైన జవాబులూ తయారు చేసి అమ్మే యూవరల్డ్ సంస్థ పెట్టారు. 2024లో గుంటూరు నుంచి లోక్‌సభకు పోటీ చేసినప్పుడు అఫిడవిట్లో చూపిన కుటుంబ ఆస్తి 5,700 కోట్ల రూపాయల పైచిలుకు. గెలిచి కేంద్రంలో సహాయమంత్రి కూడా అయ్యారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. సరుకు మంచిది, రాసినవాళ్లంతా ఒప్పుకుంటారు. సర్జన్లను తయారు చేస్తానని ఆయన ఎన్నడూ బోర్డు పెట్టలేదు, పరీక్ష గట్టెక్కిస్తానన్నారు, గట్టెక్కిస్తున్నారు. నేననేది వేరు. కత్తి పట్టి, రాత్రింబగళ్లు నిలబడి, కాళ్లలో నరాలు ఉబ్బిపోయేదాకా ఆపరేషన్లు చేసిన తెలుగు సర్జన్లు ఎందరో ఉన్నారు. కత్తి పనితో వాళ్లు సంపాదించిందంతా కలిపి కుప్ప పోసినా ఆ 5,700 కోట్ల ఎత్తుకు వస్తుందా అన్నది అనుమానమే. లోకం దేనికి డబ్బు కడుతోందో తెలిసింది కదా.

ఇక అమెరికావాళ్లకు ఒకనాడు జ్ఞానోదయమైంది. పిల్లలు రోగుల్ని వదిలేసి స్టెప్ 1 అంకె కోసం పిచ్చెత్తిపోతున్నారని గ్రహించి, 2022 జనవరి 26 నుంచి ఆ పరీక్షకు అంకె తీసేశారు. పాసా, ఫెయిలా, అంతే. తెలుగు ఇళ్లలో ఆ వార్తకు ఏడుపొక్కటే తక్కువ. పెళ్లిచూపుల్లో ఇక ఏమని చెప్పాలి? "అబ్బాయి పాస్" అంటే అదేం మాట, ఎనిమిదో తరగతివాడిలా! అయితే ప్రోగ్రాం డైరెక్టర్లు అంతకంటే ముందే తేరుకున్నారు. స్టెప్ 1 పోతే స్టెప్ 2 సీకే ఉంది, దానికి అంకె ఉంది. వెంటనే పాత వ్యాసాల్లో ఒకటి ఉన్నచోట రెండు పెట్టి కొత్త వ్యాసాలు మొదలుపెట్టారు. ఆ పిచ్చి పోలేదు, పై మెట్టెక్కి కూర్చుంది.

ఇందులో అసలు సిసలు హాస్యం ఇంకోటి ఉంది. ఆ మెట్ల వరసలో మనిషి ముందు మనిషిని నిలబెట్టే పరీక్ష ఒక్కటంటే ఒక్కటి ఉండేది. పేరు స్టెప్ 2 సీఎస్. రోగిలా నటించే మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్లతో మాట్లాడి, చెయ్యి వేసి చూసి, విన్నదీ చూసిందీ రాయమనేవారు. అట్లాంటా, షికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్, ఫిలడెల్ఫియా, ఈ ఐదు ఊళ్లలోనే పెట్టేవారు కాబట్టి మనవాళ్లు అక్కడి బంధువుల ఇళ్లలో దిగి, గోంగూర తిని, వెళ్లి రాసొచ్చేవారు. 2020లో కరోనా వచ్చి ఆపేశారు. 2021 జనవరిలో ఇక మళ్లీ పెట్టం పొమ్మన్నారు. ఖర్చెక్కువ, ఫెయిలయ్యేవాళ్లు తక్కువ అని అంతకు ముందు నుంచే దాని మీద గొణుగుడు ఉండనే ఉంది. మొత్తానికి మౌస్ పట్టుకునే పరీక్షలన్నీ మిగిలాయి, మనిషిని పట్టుకునేది పోయింది.

ఆ దేశంలోనే మరికొందరు తిక్కవాళ్లు వేరే రకం లెక్కలు కూడా తీశారు, న్యాయానికి అవీ చెప్పాలి. 2011లో విలియం మెక్‌గాహీ బృందం స్టెప్ మార్కుల్ని తీసుకెళ్లి ట్రైనీల చేతిపనితో పోల్చింది. గుండె చప్పుడు విని గుర్తుపట్టడం, పెద్ద నరంలోకి గొట్టం దించడం లాంటి పనులతో. సంబంధం దాదాపు సున్నా! 2013లో జాన్ బర్క్‌మేయర్ బృందం ఇంకా మొరటుగా ప్రవర్తించింది. మిషిగన్ రాష్ట్రంలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే ఇరవైమంది సర్జన్లను తలా ఒక వీడియో ఇమ్మంది. ఎవరిదో పేరు చెప్పకుండా ఆ వీడియోలను తోటి సర్జన్లకు చూపించి, చేతివాటం ఎట్లా ఉందో మార్కులేయమంది. అడుగున పడిన పావువంతు సర్జన్ల రోగుల్లో నూటికి 14.5 మందికి ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చాయి. పైనున్న పావువంతు వాళ్ల దగ్గర 5.2 మందికే. చావుల లెక్కలోనూ తేడా ఐదింతలు. ఒక్క వీడియో చూస్తే ఇంత తెలిసింది. ఆ ఇరవైమంది స్టెప్ 1లో ఎంత తెచ్చుకున్నారో ఎవరూ అడగలేదు, అడగాల్సిన పని పడలేదు.

మా దిక్కు అంగట్లో బర్రెను కొనేవాడు పొదుగు పట్టి, రెండు పూటలా పాలు పిండించి చూస్తాడు. దాని తల్లి జాతకం, అది దూడగా ఉన్నప్పుడు గెలిచిన బహుమతి అడగడు.

సరే, అమెరికాను చూసి నవ్వడం తేలిక. కానీ అక్కడ బోర్డు పరీక్షకు కూర్చోవాలంటే ఐదేళ్లలో కనీసం 850 ఆపరేషన్లు చేసినట్టు చూపించాలి. లాపరోస్కోపీ పెట్టెలో చేతులు పెట్టి, గడియారం ముందు ముడులు వేసి చూపించాలి. ఆ తతంగమంతా వెనకాల ఉంచుకుని వాళ్లు మార్కుల మోజు పడుతున్నారు. మనం మోజు ఒక్కటి దిగుమతి చేసుకుని మిగతాది ఓడలోనే వదిలేశాం. ఇక్కడా పీజీలకు లాగ్‌బుక్ అని ఒకటుంది. పరీక్షలకు వారం ముందు, నాలుగు రంగుల పెన్నులతో, మూడేళ్ల ఆపరేషన్లన్నీ మూడు రాత్రుల్లో జరిగిపోయే పవిత్ర గ్రంథం అది. ఎంఎస్ ప్రాక్టికల్లో ఆపరేషన్ ఎట్లా చేస్తావని అడుగుతారు. నోటితో చెప్పాలి. నోటితో చేసిన ఆపరేషన్లో ఇంతవరకు ఒక్క రోగీ చావలేదు.

మన గుమ్మం నీట్ పీజీ. 200 ప్రశ్నలు, 800 మార్కులు, ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి, మూడున్నర గంటలు. ఈ మూడున్నర గంటలే ఒకణ్ని సర్జన్నీ, ఇంకొకణ్ని చర్మవ్యాధుల నిపుణుణ్నీ చేస్తాయి. ఎవరి చెయ్యి వణుకుతుందో, ఎవరికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయో ఆ 200 ప్రశ్నల్లో ఎక్కడా రాదు. 2024 జూన్ 23న పరీక్ష అన్నారు, ముందు రోజు రాత్రి వాయిదా వేశారు. పిల్లలు అప్పటికే రైళ్లలో ఉన్నారు, లాడ్జీల్లో దిగారు. ఆగస్టు 11న రెండు పూటలుగా పెట్టి, పొద్దున రాసినవాడి మార్కునూ మధ్యాహ్నం రాసినవాడి మార్కునూ ఒకే త్రాసులో తూచే లెక్కొకటి ప్రయోగించారు. ఆ లెక్క పరీక్ష రాసినవాళ్లెవరికీ అర్థం కాలేదు. చివరికి సుప్రీంకోర్టు చెబితే గానీ 2025లో ఒకే పూట పెట్టలేదు.

ఏ బోధనాస్పత్రికైనా వెళ్లి సర్జరీ వార్డులో హౌస్ సర్జన్ని చూడండి. ఆప్రాన్ జేబులో ఫోన్, ఒక చెవిలో ఇయర్‌ఫోన్. వీడియో పాఠం ఒకటిన్నర వేగంతో నడుస్తోంది. మంచం మీద ముసలమ్మ కాలి పుండుకు డ్రెస్సింగు వార్డుబాయ్ చేస్తున్నాడు, ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు కాబట్టి బాగానే చేస్తున్నాడు. విక్రిల్ దారం ఎన్నాళ్లకు కరుగుతుందని అడగండి. 56 నుంచి 70 రోజులు అని కుర్రాడు టక్కున చెబుతాడు, పాఠం ఆపకుండానే. అదే దారం చేతికిచ్చి ఒక ముడి వేయమనండి. 56 రోజులు అక్కర్లేదు, నిమిషంలో జారుతుంది. వాడి తప్పు లేదు. ముడికి మార్కుల్లేవు. ముసలమ్మతో పావుగంట మాట్లాడితే ర్యాంకు కిందికి పోతుంది గానీ పైకి రాదు. తెలివైనవాడు కాబట్టే ముసలమ్మను వదిలేశాడు.

ఇంత నిష్ఠగా పూజించిన ప్రతిభాదేవతకు 2023 సెప్టెంబరులో ఏం జరిగిందో చూడండి. సీట్లు మిగిలిపోయాయి. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో అన్ని వర్గాలకూ అర్హత పర్సంటైల్ సున్నా చేసేసింది. సున్నా పర్సంటైల్ అంటే ఏమీ లేదు, హాలులోకి వచ్చి కూర్చున్న ప్రతివాడూ. ఆ కుర్చీకి కూడా అర్హత ఇచ్చేవారేమో గానీ దానికి ఎంబీబీఎస్ లేదు. 2026 జనవరిలో మళ్లీ అదే కథ. ఈసారి జనరల్‌కు 7 పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు సున్నా, అంటే 800కు మైనస్ 40. ఇక్కడ కులం పేరెత్తి పళ్లికిలించబోయేవాళ్లు నోరు కట్టేసుకోవాలి. 2023లో సున్నా అందరికీ సున్నాయే, అప్పుడు వీళ్లెవరికీ ప్రతిభ గుర్తురాలేదు. ఈ సడలింపులు ఎవరి కోసమో సీట్ల పట్టిక చూస్తే తెలుస్తుంది. ఎవరూ తాకని అనాటమీ, బయోకెమిస్ట్రీ లాంటివి కొన్ని, ఫీజు చూసి జనం పారిపోయిన ప్రైవేటు సీట్లు కొన్ని. గుమ్మం ఎత్తు కొలిచేది చదువు కాదు, ఖాళీ కుర్చీ.

దీనికి సర్కారు వారి సమాధానం మరీ ముచ్చటైనది. నీట్ పీజీ అనేది కనీస సామర్థ్యం తేల్చే పరీక్ష కాదట, రాసేవాళ్లంతా ఎలాగూ ఎంబీబీఎస్ పాసైన డాక్టర్లే, ఇది వరస కట్టడానికే పెట్టిందట. ఎంత నిజం! అక్షరాలా ఒప్పుకుంటాను. మరి వరస కట్టడానికే అయితే, ఫలితాలొచ్చిన నెలంతా పేపర్లలో ఫొటోలేసి, ర్యాంకర్ల తలకాయల చుట్టూ కాంతివలయాలు గీసి, కోచింగు బోర్డుల మీద పూలదండలేసి చూపించిన ఆ ప్రతిభ ఏది? రేషన్ షాపు ముందు నిలబడ్డ వరసలో మొదటివాడికి ఎవరూ దండ వేయరు.

ఈ గోలంతా ఒక్క దెబ్బతో తేల్చేద్దామని 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టంలో నెక్స్ట్ అనే పరీక్ష రాశారు. డాక్టరు లైసెన్సు, పీజీ సీటు, విదేశాల్లో చదివొచ్చినవాళ్ల వడపోత, మూడూ అదొక్కటే చేస్తుందట. మూడేళ్లలో అమల్లోకి తెస్తామని చట్టంలోనే రాసుకున్నారు. 2023 జూలై 28న నమూనా పరీక్ష అన్నారు, దాన్నీ వాయిదా వేశారు. ఆ వాయిదా ఇంకా నడుస్తోంది. వాళ్లు వేసిన నమూనా చూస్తే నవ్వొస్తుంది. మొదటి మెట్టులో 540 బహుళైచ్ఛిక ప్రశ్నలు, వాటి మార్కులతోనే పీజీ ర్యాంకు. రెండో మెట్టులో రోగి దగ్గర పని, అది పాసా ఫెయిలా అంతే. చేతికి మార్కుల్లేవు, ర్యాంకులో వాటా లేదు. అమెరికావాడు ఏ అంకె చూసి హడలిపోయి తీసేశాడో ఆ అంకెనే మనం భద్రంగా ఏరి తెచ్చి పీఠమెక్కించాం. లైసెన్సు మార్కును బట్టి సర్జన్ని ఎంచే శాస్త్రం అక్కడ వ్యాసాల్లో ఉంటే, ఇక్కడ చట్టంలోనే ఉంది.

లైసెన్సు పరీక్ష చెప్పే జోస్యం మాట వచ్చింది కాబట్టి ఒకాయన్ని తలచుకుని ముందుకెళ్తాను. రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే. 1902లో నోబెల్ వచ్చింది. ఈయనగారు లండన్‌లో అపోతికరీల సొసైటీ వారి లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పాడు. రెండోసారి రాసి గట్టెక్కి ఇండియాకు ఓడెక్కాడు. మన జోస్యుల చేతిలో పడి ఉంటే "మొదటి ప్రయత్నంలో ఫెయిల్" అన్న ఒక్క గడి చూసి దరఖాస్తును పక్కన పడేసేవారు. దోమ ఇప్పటికీ నిర్దోషిగా తిరుగుతుండేది.

మళ్లీ రాయికోడ్‌కు వద్దాం. సర్కారు దవాఖానలో డాక్టరు ఉద్యోగానికి హోదా పేరు సివిల్ అసిస్టెంట్ సర్జన్. పీహెచ్‌సీలో కోతకు థియేటరుండదు, మత్తిచ్చే డాక్టరుండడు, హోదా మాత్రం ఉంటుంది. 2022లో తెలంగాణలో ఈ పోస్టులు నింపినప్పుడు నూటికి 80 పాయింట్లు చదువు మార్కులకు, 20 కాంట్రాక్టు కింద చేసిన సేవకు వేశారు. పోనీ, ఆ ఇరవై అయినా వేశారు, సంతోషం. మాట్లాడి చూడటానికి, చెయ్యి చూడటానికి పాయింట్లు లేవు. ఈ మండలం స్వయంగా ఆరోగ్యశాఖ మంత్రి దామోదర రాజనర్సింహ గెలిచిన అందోల్ సెగ్మెంటులోది కాబట్టి మిగతా ఊళ్లకన్నా మనకు అదృష్టం ఎక్కువేనని సరిపెట్టుకోవాలి. ఆ పీహెచ్‌సీకి ఒక రోగి వచ్చాడనుకోండి. 24 గంటల కడుపునొప్పి, కుడిపక్క కింద, చెయ్యి వేస్తే అరుస్తున్నాడు. చదివినవాడెవడికైనా అపెండిక్స్ అని తెలుసు, ఏ క్వశ్చన్ బ్యాంకులోనైనా మొదటి పేజీలో ఉండే ప్రశ్న. జవాబు కరెక్టే. కరెక్టు జవాబు చీటీ మీద రాసి జహీరాబాద్‌కు పంపిస్తారు. అక్కడ సర్జనుంటే మత్తు డాక్టరుండడు అనుకోండి, అదే కరెక్టు జవాబు సంగారెడ్డికి వెళ్తుంది. అక్కణ్నుంచి నేషనల్ హైవే 65 మీదుగా హైదరాబాద్‌కు. జవాబు ఎన్నిచోట్లకెళ్లినా కరెక్టుగానే ఉంటుంది, అపెండిక్స్ ఒక్కటే పగులుతుంది.

ఇట్లాంటప్పుడు జనం ముందు ఎక్కడికెళ్తారో అందరికీ తెలుసు. ఆకుపచ్చ కర్టెన్, ఒక బల్ల, గోడకు వీరభద్రుడి క్యాలెండర్. ఆరెంపీ. ఏ నొప్పికైనా రెండు సూదులు, ఒకటి నొప్పికి, ఒకటి స్టెరాయిడు. దాంతో కడుపు లోపల ఏం జరుగుతోందో రెండు రోజులపాటు ఎవరికీ తెలియకుండా పోతుంది. మెడికల్ కౌన్సిల్ వాళ్లు దాడులు చేసినప్పుడు షట్టర్ దించుతాడు, జీపు వెళ్లాక ఎత్తుతాడు. అలాంటి ఒకాయన సూది నీళ్లు పైకి చిమ్మి బుడగలు తీస్తూ, పక్కనున్న పేపరు నావైపు జరిపాడు. కటాఫ్ వార్త దగ్గర పెన్నుతో గీత గీసి ఉంది.

"సార్, మైనస్ 40 అంటే సున్నా కన్న తక్కువనే కద?"

"తక్కువే."

"మరి నేను పరీక్షనే రాయలేదు. అంటే నాకు సున్నా." సూది పట్టుకున్న చెయ్యి ఏమాత్రం వణకడం లేదు. "గా లెక్కల నేను వాళ్లకన్న ముందున్నట్టే కద సార్?"

నా జవాబు కోసం ఆగలేదు. కర్టెన్ జరిపి, తర్వాత ఎవరని అడిగాడు.